నిన్ననే నోడిదె

జూలై 3, గురువారం

మా కంపెనీలో ప్రతి మూటకూ ఒక చరిత్ర ఉంది. బాగేపల్లిలో లారీ ఎక్కిన తవుడు మూట, మా మాటలో బూసా మూట, ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, ఎవరి చేతుల మీదుగా పోయింది, అన్నీ నా తెర మీద కనబడతాయి. నాకు మాత్రం చరిత్ర లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ డైరీ. వేరే కారణం లేదు. ఈరోజు వినుత ఫోన్ చేయలేదన్నది కారణం కాదు.

చరిత్ర అన్నాక పీఠిక ఉండాలి. మునినారాయణ శెట్టి గారిది పశువుల దాణా వ్యాపారం. చిక్కబళ్ళాపురంలో హెడ్డాఫీసు, చింతామణిలో ఒక డిపో, బాగేపల్లిలో ఒక డిపో. పల్లెల్లో అంగళ్ళవాళ్ళు ఫోన్‌లో ఆర్డరు పెడతారు. ఆ ఆర్డరు ఎవరూ ముట్టకుండానే స్టాకు చూసుకుంటుంది, బిల్లు కొట్టుకుంటుంది, డ్రైవరుకు సందేశం పంపుకుంటుంది. ఈ పనులన్నిటినీ కలిపి కుట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది సరిగ్గా కుడుతోందా లేదా అని చూడటం నా ఉద్యోగం. చూడాలి, ముట్టకూడదు. పెళ్ళిలో ఫోటోగ్రాఫరు లాంటివాణ్ణి. అన్నీ నా కళ్ళ ముందే జరుగుతాయి, ఏదీ నాకు జరగదు.

వినుత చింతామణి డిపో చూసుకుంటుంది. పోయిన సంవత్సరం ఆమెకు తెర చదవడం నేర్పింది నేనే. ఒక్కో ఆర్డరుకు వరుసగా గళ్ళు: వచ్చింది, స్టాకు, బిల్లు, లోడు, చేరింది. దాటిన గడి పచ్చ, ఆగిన గడి ఎరుపు. ఏ గడి మీద నొక్కినా, ఆ పని ఎవరి చేతిలో ఉందో పేరు కనబడుతుంది.

"అంటే ఎవరిని తిట్టల్లో తెలుస్తాది" అంది.

నాలుగు రోజుల శిక్షణను ఎవరిని తిట్టాలన్న ఒక్క ముక్కలో తేల్చేసింది. అయినా, నేర్చుకున్నాక కూడా పొద్దున్నే నాకే ఫోన్ చేసేది. "ధనుంజయా, నా లోడు యాడుండాది?" తెర ఆమె ముందరే ఉండేది. అయినా అడిగేది. నేనూ చూసి చెప్పేవాణ్ణి. దీన్ని ఏమంటారో తెలుసుకోవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

బాగేపల్లి డిపోకు యశస్ అనే కొత్తవాడు వచ్చాడు. పొడుగు. అంతకంటే చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

జూలై 5, శనివారం

ఫోన్ లేదు. సిగ్నల్ బాగానే ఉంది. చూశాను.

జూలై 7, సోమవారం

ఒక డిపోలో సరుకు తగ్గితే ఇంకో డిపో నుంచి తెప్పించుకోవచ్చు. ఇంతకుముందు చింతామణికి తక్కువైతే చిక్కబళ్ళాపురం నుంచి పంపేవాళ్ళం. ఇప్పుడు బాగేపల్లి నుంచి పోతోంది. నేను గ్రాఫు గీశాను. యశస్ చేరిన వారం నుంచి గీత నంది కొండ ఎక్కినట్టు ఎక్కుతోంది. ఇది అసూయ కాదు, గణాంకం.

శెట్టి గారికి చూపించాను. అద్దాలు సవరించుకుని చూశారు.

"బాగుండాది. వాళ్ళకు వాళ్ళే సర్దుకుంటాండారు. మనకు తలనొప్పి తగ్గె."

"అంతేనా అప్పా?"

"ఇంకేముండాది ఇందులో?"

వ్యాపారస్తులకు గ్రాఫు చదవడం రాదు.

జూలై 8, మంగళవారం

ప్రతి బదిలీకీ చివర 'షరా' అని ఒక గడి ఉంటుంది. డిపోలవాళ్ళు అందులో ఒకరికొకరు రెండు ముక్కలు రాసుకుంటారు. డ్రైవరు ఇంకా రాలేదు, తూకం తగ్గింది, ఇలాంటివి. ఆ గడిని ఇంతవరకు ఎవరూ నా తెర మీదికి తేలేదు. దేన్ని గమనించాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నది నిర్ణయించే అధికారం మాత్రం నాకు ఉంది.

ఈరోజు చింతామణి షరాలను తెర మీదికి తెచ్చాను. డేటా నాణ్యత కోసం.

బాగేపల్లి షరాలను తేలేదు. వాడు రాసేదంతా చదవాల్సిన ఖర్మ నాకేం పట్టింది.

జూలై 9, బుధవారం

వినుత షరాలు చదివాను. తూకం సరిపోయిందని ఒకటి, డ్రైవరు భోంచేస్తున్నాడని ఒకటి. అంతా కన్నడమే. బళ్ళో, ఆఫీసులో కన్నడం, నోట్లో తెలుగు. ఈ జిల్లాలో మా అందరి బతుకూ అంతే. కొట్టేది ఇంగ్లిషు అక్షరాల్లో కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ ఆమె దయ.

డేటా నాణ్యత చాలా బాగుంది. రెండుసార్లు చదివాను.

జూలై 10, గురువారం

బాగేపల్లి నుంచి వచ్చిన లోడు మీద, యశస్‌కు, వినుత షరా:

నిన్ననే నోడిదె.

నోడిదె అంటే కన్నడంలో 'చూశాను' అని. నిన్నన్నే అంటే నిన్నే. నిన్నే చూశాను. ఒక 'న' ఒత్తు తగ్గింది, అంతే. ప్రేమలో ఒత్తులు ఎవరు లెక్కపెడతారు?

మిమ్మల్ని కాదు, నిన్ను. దానికి 'ఏ' కూడా తగిలించింది, ఇంకెవరినీ చూడలేదని.

జూలై 11, శుక్రవారం

ఆ మాట చెప్పుకోవడానికి గోధుమ బూసా తప్ప చోటే దొరకలేదా.

జూలై 12, శనివారం

నిష్పక్షపాతంగా ఆలోచించాను. దానికి వేరే అర్థం ఉండొచ్చేమోనని కన్నడ నిఘంటువు తిరగేశాను. లేదు.

జూలై 13, ఆదివారం

గుడిబండెలో, ఇంట్లో. అమ్మ దోసె వేసింది.

"తినురా. పిండి నిన్ననే రుబ్బింటి, బాగా పులిసిండాది."

ఆ మాట చెవిన పడగానే దోసె గొంతులో అడ్డం పడింది. ఇప్పుడు ఎవరి నోట ఆ మాట విన్నా వాళ్ళిద్దరే గుర్తుకొస్తారు. నాకూ పులిసే ఉందని అమ్మకు చెప్పలేదు.

జూలై 15, మంగళవారం

ప్రింటరు తనిఖీకని బాగేపల్లి వెళ్ళాను. యశస్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గుమ్మం చాలలేదు.

"రా ధనుంజయన్నా. హెడ్డాఫీసే బస్సెక్కి వచ్చిండాదే."

"ప్రింటరు చూడల్ల."

"ప్రింటరు బాగుండాదే."

"బాగున్నప్పుడే చూడల్ల. చెడిపోయినాక ఎవడైనా చూస్తాడు."

ఆ మాటకు వాడు తల ఊపి, దాన్ని మనసులో రాసుకున్నట్టు మొహం పెట్టాడు. వెటకారమో వినయమో తెలియలేదు. మధ్యాహ్నం తన క్యారియరు తెరిచి సగం రాగిముద్ద నా పళ్ళెంలో పెట్టాడు. ఉలవచారు అద్భుతంగా ఉంది. శత్రువు కూడు తింటూ శత్రువును ద్వేషించడం కష్టం. నేను కష్టపడ్డాను.

"వినుతగారు చెప్తాంటారు," అన్నాడు ముద్ద మింగి, "తెర చదవల్లంటే ధనుంజయ తర్వాతే ఎవరైనా అని."

"ఇంకేం చెప్తాంటారు?"

"మూటల సంగతే. చింతామణికి పోయిన దూడల దాణా మూటలు చిరిగి ఉండాయంట. మార్చి పంపల్ల."

మూటల సంగతి నాకెందుకు చెబుతున్నాడు? మాట మార్చడంలో గట్టివాడు.

జూలై 16, బుధవారం

ఒక నియమం పెట్టాను. బాగేపల్లి నుంచి చింతామణికి పోయే ప్రతి లోడూ హెడ్డాఫీసు అనుమతి కోసం ఆగాలి. అనుమతి ఇచ్చేవాడు: ధనుంజయ. ఆ లోడు మీద ఎవరు ఏ షరా రాసినా ఇకమీదట నేరుగా అనుమతి ఇచ్చేవాడికే రావాలి. దుబారా తగ్గించడానికి.

ఆగిన గడి ఎర్రబడితే శెట్టి గారు అడుగుతారు. అందుకని ఈ ఆగడాన్ని ఆగడంగా లెక్కపెట్టవద్దని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. ఆగినా పచ్చే. తెలుగులో ఆగడం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నేను చేసింది మొదటిది మాత్రమే.

పెళ్ళిలో ఫోటోగ్రాఫరు తాళిబొట్టు తీసి జేబులో వేసుకున్నట్టు అనిపించింది. పోలిక బాగాలేదని కొట్టేశాను. కొట్టేసినా కనబడుతూనే ఉంది.

జూలై 17, గురువారం

తెరంతా పచ్చ. వాన పడ్డ రాగిచేను లాగా ఉంది.

జూలై 19, శనివారం

వినుత షరాలేవీ లేవు. సరుకు చేరితే కదా రాయడానికి. చాలా ప్రశాంతంగా ఉంది. ఆకలి వేయడం లేదు.

జూలై 21, సోమవారం

శెట్టి గారి ఫోన్ స్పీకరులో పెట్టి ఉంది. గొంతు పిళ్ళప్పది. సాదలిలో అంగడి. మాకు పాత ఖాతాదారు.

"శెట్టప్పా, దూడల దాణా యాడ అని మీ చింతామణి పాపను అడిగితే తెరలో పచ్చగా ఉండాది, వస్తాంది అంటాది. పోయిన వారం నుంచి అదే మాట. నా అంగడి ముందర రైతులు నిలబడి నన్ను తింటాండారు. పచ్చగా ఉండేది మీ తెర గదప్పా. దాన్ని దూడ మేస్తాదా?"

నాకు నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు.

శెట్టి గారు ఫోన్ పెట్టేసి నా తెర వైపు చూశారు. అంతా పచ్చ. నా మొహం వైపు చూశారు. అక్కడేం కనబడిందో తెలియదు.

"యంత్రం సరిగ్గానే ఉండాది కదా?"

"ఉండాదప్పా."

"అట్లయితే ఆ పాపకే పని చేతకాలేదు. యశస్ బాగా చేస్తాండాడు. చింతామణి తాళాలు మన గుమాస్తా గురప్పకు ఇచ్చేసి, వచ్చే సోమవారం నుంచి ఆ పాపను బాగేపల్లిలో యశస్ కింద కూర్చోబెడదాం. నేర్చుకోనీ."

"దూరం కదప్పా. వాళ్ళింట్లో పంపరు."

"పంపకుంటే ఇంట్లోనే ఉంటాది. నేనేం చేసేది?"

చెప్పాల్సింది అప్పుడే. నేను కుర్చీ సర్దుకున్నాను.

ఆ రెండు ఊళ్ళ మధ్య ఒక్క మూట కూడా కదలకుండా ఆపినవాణ్ణి, ఇప్పుడు మనిషినే కదిలించాను. పోతే యశస్ దగ్గరికి పోతుంది. పోకపోతే ఉద్యోగం పోతుంది. ఇంత సమగ్రంగా దెబ్బ తినాలంటే బి.ఇ. చదివి ఉండాలి.

జూలై 22, మంగళవారం

పొద్దున్నే ఫోన్. వినుత.

"ధనుంజయా, నా లోడు యాడుండాది?"

ఎన్నాళ్ళయిందో ఆ మాట విని. సంతోషపడడానికి నోరు తెరిచి, ఆమె లోడు యాడుండాదో గుర్తొచ్చి మూసుకున్నాను.

"ఏ లోడు?"

"దూడల దాణా. ముందర వచ్చిన మూటలు చిరిగి ఉండె. యశస్ గారు షరాలో అడిగిరి, చిరిగినవి ఎప్పుడు నోడిద్రి అని. నిన్ననే నోడిదె అని కొడితి. ఆయప్ప అయ్యో అని వేరే మూటలు కట్టించి పంపె. అవి బాగేపల్లి దాటలేదంట. ఇక్కడ చూస్తే పచ్చ. పిళ్ళప్ప వచ్చి హమాలీల ముందర నన్ను అడగరాని మాటలు అడిగిపాయె."

ఆ లోడును నా తెర మీద తెరిచాను. పచ్చగానే ఉంది.

"శెట్టప్ప చెప్పె, బాగేపల్లికి పో అని. మా నాయన పంపడు. నాకు ఈ పని పోతే ఇంట్లో ఏమంటారో నీకు తెలుసు కదా."

తెలుసు. సంబంధాలు అంటారు.

"నువ్వెందుకు ఈమధ్య ఫోన్ చెయ్యలా?" అన్నాను. ఇంతటి కష్టంలో ఉన్న మనిషిని నేను అడిగింది ఇది.

అవతల ఎవరో హమాలీ ఏదో అడగబోతే, తర్వాత రమ్మని పంపేసింది.

"దినమూ నేనే చేస్తి. నేను చెయ్యకుంటే నువ్వు చేస్తావేమో చూద్దామని ఉంటి. చెయ్యలేదు కదా." తర్వాత గొంతు మార్చి, "యశస్ గార్ని మీరంటా, గురప్పను మీరంటా, డ్రైవరును మీరంటా. ఈ కంపెనీలో నేను నువ్వు అనేది ఒక్కర్నే. అందుకే అడుగుతాండా. నా లోడు యాడ ఆగిండాది?"

నా దగ్గర. ఈ రెండు మాటలూ చెప్పలేదు.

"సర్వర్‌లో ఏదో ఉన్నట్టుండాది," అన్నాను. "చూసి చెప్తా."

"సరే. చూసి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా."

ఫోన్ పెట్టేసింది.

నిన్ననే. యెస్టర్‌డే. పక్కా తెలుగు. మా అమ్మ దోసె పిండి నిన్ననే. నిన్న అనే మాటకు తెలుగులో ఏమర్థమో ఈ జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మాటలో సగం తెలుగు, సగం కన్నడం. మేమంతా మాట్లాడేదే అట్లా. పెరుగన్నం కలిపినంత సులువుగా కలుపుతాం. ఆమె కలిపింది. నేను విడదీసి, విడదీసినదాంట్లో విషం వెతుక్కున్నాను. యశస్ అడిగిన ప్రశ్న కూడా తెర మీదికి తెచ్చి ఉంటే ఆరోజే తెలిసేది. జవాబు ఒక్కటే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం, ఆగిన లోడ్లన్నిటికీ అనుమతి ఇచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. సర్వర్ బాగయిందని రేపు చెబుదామనుకున్నాను. సర్వర్‌కు నోరు లేదు కాబట్టి కాదనదు.

జూలై 23, బుధవారం

పదిగంటలకు చింతామణిలో లోడు దిగింది. 'చేరింది' గడి పచ్చబడింది. ఈసారి నిజం పచ్చ. దాని పక్కన షరా. యశస్‌కు కాదు, అనుమతి ఇచ్చినవాడికి. నా నియమం ప్రకారమే, నేరుగా నాకే వచ్చింది.

నిన్ననే నోడిదె.

చాలాసేపు చూశాను.

గడి మీద నొక్కితే ఎవరి చేతిలో ఉందో పేరు కనబడుతుంది. నేర్పింది నేనే. ఎవరిని తిట్టల్లో తెలుస్తాది అన్నది ఆమే. ఈ మాట తెలుగైతే, నా పేరు ఆమె నిన్ననే చూసింది. నిన్న, నాకు ఫోన్ చేయక ముందే. చూసి కూడా అడిగింది, నా నోటితో చెబుతానేమోనని. 'చూసి చెప్తా' అన్నాను.

ఇది కన్నడమైతే, నిన్నే చూశాను.

నిన్న ఏ గంటకు ఆమె ఆ గడి నొక్కిందో సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఒక్క నొక్కు చాలు, ఏ భాషో తేలిపోతుంది. ఈ జిల్లాలో ఎవరి ఏ అడుగునూ చూడకుండా వదలనివాణ్ణి, ఆ ఒక్కటీ చూడలేదు.

శెట్టి గారి గదిలోకి వెళ్ళాను. లోడును ఆపింది నేనేనని, ఆగినా పచ్చగా కనబడేట్టు చేసింది కూడా నేనేనని చెప్పాను. ఆయన చేతిలో వక్కపలుకు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"యంత్రం చెడిందేమో అనుకుంటి. మనిషి చెడిండాడా?"

"మనిషేనప్పా."

"ఎందుకు చేస్తివి?"

"భాష తెలీక."

"బి.ఇ. చదివి?"

"రెండు భాషలూ తెలిసినందుకే అప్పా ఇంత పనయింది."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. వక్కపలుకు నోట్లో వేసుకుని నమిలారు. అది పూర్తిగా నలిగేదాకా నేను నిలబడ్డాను.

"ముందు పిళ్ళప్పకు ఫోన్ చేసి, తిట్లు తిను. ఆ పాప యాడికీ పోయేది లేదు. చింతామణి తాళాలు ఆ పాప దగ్గరే ఉంటాయి. సోమవారం నుంచి బాగేపల్లికి నువ్వు పో. యశస్ కింద కూర్చో. మూటలు ఎత్తిచ్చు, దింపిచ్చు. బూసా వాసన ముక్కులో నుంచి పోకుండా ఉన్నప్పుడు వచ్చి మళ్ళీ తెర చూద్దువు."

పిళ్ళప్ప తిట్లు తిన్నాను. పుష్కలంగా పెట్టాడు.

సాయంత్రం ఆ నియమం తీసేశాను. షరాలను నా తెర మీద నుంచి తీసేశాను. తీసేముందు, వినుత షరా కింద జవాబు గడిలో నాలుగంటే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కొట్టాను. ఎన్, ఇ, ఎన్, ఇ.

తెలుగులో చదువుకుంటే, నేనే. కన్నడంలో చదువుకుంటే, నెనె. తలుచుకో. ఏ భాషలో చదువుకుంటుందో ఆమె ఇష్టం. నెనె అంటే కన్నడంలో నానిపో అని కూడా ఒక అర్థం ఉంది. బయట వాన దంచుతోంది, గొడుగు తేలేదు. ఆ అర్థం నాకు ఉంచుకున్నాను.

జూలై 25, శుక్రవారం

జవాబు వచ్చిందో లేదో నా తెర మీద కనబడదు. తీసేసింది నేనే.

జూలై 28, సోమవారం. బాగేపల్లి.

ఒంటినిండా బూసా. తుమ్ములు. యశస్ ఏమీ అడగలేదు. క్యారియరు తెరిచి సగం ముద్ద నా పళ్ళెంలో పెట్టాడు. ఈసారి కష్టపడకుండా తిన్నాను.

చింతామణి లారీని లోడు చేయించి పంపాక, చేతులు దులుపుకుని, ఫోన్ తీశాను. ఇన్నాళ్ళలో ఎప్పుడూ నేను ముందుగా చేయలేదన్న సంగతి నంబరు వెతుక్కునేటప్పుడు తెలిసింది. రెండోసారి మోగాక ఎత్తింది.

"వినుతా," అన్నాను, "నా లోడు యాడుండాది?"

హమాలీలు అరుస్తున్నారు. ఎక్కడో లారీ వెనక్కి తీస్తున్నారు. ఆమె ఊపిరి మాత్రం దగ్గరగా వినబడింది.

"చూసి చెప్తా" అంది.